చెల్లి పెళ్లికి నాలుగు గుంటల పూలు: నా ప్రాజెక్టు డైరీ

2024 సెప్టెంబరు 8

నిన్న వినాయక చవితికి అందరం ఊళ్లోనే ఉన్నాం కాబట్టి పెళ్లి మాటలు కూడా ఇక్కడే అయిపోయాయి. మాఘంలో చేద్దామన్నారు. అంటే ఫిబ్రవరి. చేతిలో ఐదు నెలలు.

డెకరేషన్ అతను ఫోన్లో పంపిన లెక్క చూస్తే స్టేజీ ఒక్కదానికే 85 వేలు. అందులో ఆర్కిడ్లు ఉన్నాయి, అవి థాయ్‌లాండ్ నుంచి వచ్చేవి. కార్నేషన్లు పాలీహౌస్‌లవి. మాది చేవెళ్ల పక్క ఊరు. చుట్టూ బంతి, చామంతి, గులాబీ వేసి గుడిమల్కాపూర్ మార్కెట్‌కి పంపే రైతులే. మా పక్క చేను రైతు (మేం "కాక" అని పిలుస్తాం) పూలు తెల్లారకముందే ఆటోలో మార్కెట్‌కి పోతాయి, అవే పూలు డెకరేటర్ కారులో సాయంత్రానికి మళ్లీ మా ఊరి ఫంక్షన్ హాలుకు వస్తాయి. మధ్యలో ఐసు, ప్లాస్టిక్ కవర్లు, రెండు కమీషన్లు.

"మనమే పండిద్దాం" అన్నాను. నాయిన నవ్వాడు. అయినా బోరు పక్కన నాలుగు గుంటలు, అంటే ఎకరంలో పదో వంతు, ఇస్తానన్నాడు, టమాటా వేసే జాగా.

చెల్లికి ఇంకో కోరిక కూడా ఉంది. పెళ్లి దండ చెడకుండా దాచి, అద్దం ఫ్రేములో పెట్టించుకోవాలని. పోయినేడు మా మేనత్త కూతురి దండని అలాగే మేకుకి వేలాడదీసి ఎండబెట్టి చూశాం. వారానికి మల్లెలన్నీ బీడీ ఆకు రంగుకి తిరిగాయి, ఎర్ర గులాబీలు నల్లబడ్డాయి, లిల్లీలు తేమకి కుళ్లి వాసనొచ్చాయి. దాచడం చేతకాక కాదు, ఆ పూలే దాచేవి కావని నాకు అప్పుడు తట్టలేదు. ఈసారి తిరగేసి మొదలుపెడుతున్నా. ఏ పువ్వు ఎండాక కూడా పువ్వులాగే ఉంటుందో ముందు చూసి, దాన్నే విత్తుతా.

సెప్టెంబరు 15

బొగడబంతి, పట్టుకుచ్చు నారు పోశాం. బొగడబంతి పువ్వు చెట్టు మీద ఉండగానే కాగితంలా గరగరలాడుతుంది. మనం పువ్వు అనుకునే ఆ గులాబీ రంగు గుండు నిజానికి రంగు తిరిగిన చిట్టి ఆకుల పొత్తు, అసలు పూలు దాని సందుల్లో చుక్కల్లా ఉంటాయి. అందులో నీళ్లు తక్కువ, అందుకే కోసినా వాడదు, ఎండినా రంగు దిగదు. గింజకి నూగు ఉంటుంది, మొలవడానికి మొండి. ఒక రాత్రి నానబెట్టి చల్లాను.

అక్టోబరు 6

బతుకమ్మ రోజులు. పిల్లలతో కలిసి జొన్న చేల గట్ల మీద గునుగు కోసుకొచ్చాం. అందరూ బతుకమ్మకి పేర్చుకుంటుంటే నేను నాలుగు మోపులు పక్కన పెట్టి తలకిందులుగా దూలానికి కట్టాను.

"లగ్గానికి గునుగేందే? అది కలుపు మొక్క గదా!" అంది చిన్నమ్మ.

కలుపే. నీళ్లు అడగదు, మందు అడగదు, వద్దన్నా మొలుస్తుంది. తెలుపు నుంచి లేత గులాబీకి తిరిగే ఆ కొసలు ఎండాక కూడా అలాగే ఉంటాయని బతుకమ్మ ఆడే ప్రతి ఇంట్లోనూ తెలుసు. పెళ్లి పూల లెక్కలో మాత్రం దాన్ని ఎవ్వరూ కలపరు. కొసలకి రంగు అద్దుతారు కదా, ఆ పని నేను చేయలేదు. నాకు దాని సొంత రంగే కావాలి.

అక్టోబరు 13

దసరా మర్నాడు చామంతి నాటాం. గుంటన్నరలో పసుపు, మిగతా కొంచెంలో తెలుపు. వేళ్లొచ్చిన కొమ్మలు కాక ఇచ్చాడు.

చామంతితో చిక్కేమిటంటే దానికి కాలెండరు తెలుసు. రాత్రి పొడుగైందని గ్రహిస్తే మొగ్గ తొడుగుతుంది. అలా వదిలేస్తే మా పూలన్నీ డిసెంబరు, జనవరిలోనే పూసేసి పెళ్లి నాటికి ఏమీ మిగలవు. అందుకే రైతులు చేలో రాత్రిపూట బల్బులు వేలాడదీస్తారు. రాత్రి నడుమ నాలుగు గంటలు వెలుతురు పడితే మొక్క ఇంకా వేసవే అనుకుని ఆకులు వేసుకుంటూ పోతుంది. బల్బులు ఆపిన రోజు నుంచి తొమ్మిది, పది వారాలకి పూత. వెనక్కి లెక్కేస్తే డిసెంబరు 15న ఆపాలి. రెండు లైన్లు, ఒక్కో లైనుకి తొమ్మిది ఎల్ఈడీ బల్బులు, రాత్రి 10 నుంచి 2 దాకా ఒక టైమరు. పల్లెలో దీపావళి ముందే వచ్చినట్టుంది.

నవంబరు 3

ముహూర్తం ఖాయమైంది, ఫిబ్రవరి 20 తెల్లవారుజామున. ముద్దబంతి మొదటి విడత విత్తనం ఈరోజే ట్రేలలో వేశాను. రెండో విడత రెండు వారాలు ఆగి వేస్తాను. ఒకటి ముందో వెనకో అయితే ఇంకొకటి ఆదుకుంటుంది. బోరు కాలువ పక్కన దవనం కూడా చల్లాను, పక్కన రెండు పాదుల మరువం.

డిసెంబరు 1

బంతి మొదటి విడత నాటాం. నాటిన రెండో రోజే నెమళ్లు వచ్చి నలభై మొక్కలు పీకేశాయి. జాతీయ పక్షి, ఏమనగలం. పాత చీరలు చుట్టూ కట్టాం.

అంతకంటే పెద్ద దెబ్బ ఇంకోటి. ఆఫీసు పని వల్ల పోయిన ఆదివారం రాలేకపోయాను. ఈ రాత్రి చూస్తే చామంతి రెండో లైను బల్బులు వెలగట్లేదు. వైరు ఎలక కొరికింది. ఎన్ని రాత్రులైందని అడిగితే నాయిన "ఎనిమిదో, తొమ్మిదో" అన్నాడు. వైరు అతికించాను కానీ ఆ వరస అప్పటికే రాత్రి పొడుగు లెక్కపెట్టేసుకున్నట్టుంది.

డిసెంబరు 22

అనుకున్నట్టే అయింది. రెండో లైను కింద మొక్కలన్నీ చిన్న చిన్న మొగ్గలు తొడిగాయి. మొదటి లైను మాత్రం ఆకులతో బుద్ధిగా ఉంది. దానికి పోయిన వారం బల్బులు ఆపేశాం. బంతి తలలు తుంచాం. ఒక కొస పోతే పక్కనుంచి నాలుగు కొమ్మలు వస్తాయి, పూత వారం పది రోజులు వెనక్కి పోయినా పూలు ఎక్కువ.

చామంతి సగం పోయిందని చెల్లి మొహం చిన్నబుచ్చుకుంది. కాక మాత్రం "తొందరగ పూసినయి మార్కెట్‌కి ఇయ్యి బిడ్డా, సంక్రాంతికి రేటుంటది" అన్నాడు. కొన్ని ఇస్తాను. కొన్ని నాకు కావాలి, ఎండబెట్టడం నేర్చుకోవడానికి. నిజానికి ఆ ఎలక మేలే చేసింది, పెళ్లి పూల మీద మొదటిసారి ప్రయోగం చేసే గతి తప్పింది.

2025 జనవరి 19

ఈ నెల మొదటి నుంచీ ఎండబెట్టే పనే. వంటింటి కాటా, బిస్కెట్ డబ్బాలు, ఇసుక, తేమ పీల్చే సిలికా జెల్.

మొదట కాటా మీద పది పసుపు చామంతులు పెట్టాను, 58 గ్రాములు. ఎండాక అవే పది, 9 గ్రాములు. అంటే మనం దాచేది పువ్వులో ఆరో వంతు. మిగతాది నీళ్లు. ఆ నీళ్లు ఎంత తొందరగా, ఎంత ఒద్దికగా బయటికి పోతే పువ్వు అంత నిలుస్తుంది. నెమ్మదిగా పోతే రేకు ముడుచుకుని గోధుమ రంగుకి తిరుగుతుంది.

ఇసుక పద్ధతికి ఇల్లు కట్టినప్పుడు మిగిలిన ఇసుకని సన్న జల్లెడ పట్టి, నీళ్లు తేటగా వచ్చేదాకా ఎనిమిదిసార్లు కడిగి, ఎండలో పోశాను. డబ్బాలో రెండంగుళాలు పోసి, పువ్వుని మొహం పైకి ఉండేలా నిలబెట్టి, ఇసుక పువ్వు మీద కాకుండా పక్కల నుంచి చెంచాతో పోయాలి. కింది రేకుల కింద ఇసుక చేరి అది పైకి లేస్తే, తర్వాతి వరస రేకుల కిందకి పోయాలి. తొందరపడి పైనుంచి గుమ్మరిస్తే రేకులన్నీ గొడుగు మూసినట్టు ముడుచుకుంటాయి. మొదటి డబ్బా మొత్తం అలాగే పోయింది. డబ్బాకి మూత పెట్టకూడదు, తేమ పోవాలి. చామంతికి పదహారు రోజులు పట్టింది.

సిలికా జెల్ పద్ధతికి మొదట ఆన్‌లైన్లో దొరికిన గుండ్రటి పూసలు తెప్పించాను. పూస పడ్డ చోటల్లా రేకు మీద గుంట. ఇసుకలా సన్నగా ఉండే రకం వేరే ఉంటుంది, అది తెప్పించాక పని తేలికైంది. తేమ పీల్చి రంగు మారే నీలం పూసలు కొనవద్దు. ఆ నీలం కోబాల్ట్ క్లోరైడ్, ఒంటికి మంచిది కాదు. తెల్లదే చాలు. దీనికి మాత్రం డబ్బా మూత గట్టిగా బిగించాలి, లేకపోతే జెల్ పువ్వులోని తేమ బదులు గదిలోని తేమ తాగుతుంది. ఐదో రోజుకి చామంతి తయారు. వాడిన జెల్‌ని ఓవెన్‌లో 120 డిగ్రీల దగ్గర రెండు గంటలు వేడిచేస్తే మళ్లీ వాడుకోవచ్చు.

మైక్రోవేవ్ కూడా చేశాను. ఒక చామంతి మాడింది, ఇల్లంతా వాసన. ఇంక దాని జోలికి పోను.

పువ్వు పువ్వుకీ తేలింది ఇది. పసుపు చామంతి రంగు దాదాపు అలాగే ఉంది. తెలుపు మీగడ రంగుకి దిగింది. ముద్దబంతి రేకుల రంగు బ్రహ్మాండంగా నిలుస్తుంది కానీ అడుగున ఆ ఆకుపచ్చ గిన్నె లోపల తేమ దాగి ఉంటుంది. పైకి ఎండినట్టే ఉండి పది రోజుల తర్వాత బూజు పట్టింది. గులాబీ ఒక మెట్టు ముదురుతుంది. ఎరుపు నలుపవుతుంది, లేత గులాబీ రంగు ముదురు గులాబీ అవుతుంది. కాబట్టి ఫ్రేములో ఎరుపు కావాలంటే దండలో లేత రంగు గుచ్చాలి. కాగడా మల్లెలు గోధుమ రంగుకి తిరిగాయి, మల్లె జాతికి ఇక ఆశ లేదు. బొగడబంతి, గునుగు, పట్టుకుచ్చుకి ఇసుకా వద్దు, జెల్లూ వద్దు. నీడలో తలకిందులుగా వేలాడదీయడమే.

రెజిన్ పోసి గాజు దిమ్మలా చేయించుకోమని చెల్లి స్నేహితురాలి సలహా. వద్దన్నాను. ఏడాది రెండేళ్లకి పసుపెక్కుతుంది, విసిరేసినా మట్టిలో కలవదు. మూడు నెలలు మందు కొట్టకుండా పూలు పండించి చివరికి ప్లాస్టిక్‌లో ముంచడం నాకు మనసొప్పలేదు.

ఫిబ్రవరి 2

బంతికి ఎర్రనల్లి పురుగు తగిలింది. చలి తగ్గి ఎండ ముదిరిందంటే ఇది తప్పదు. వేపనూనె లీటరుకి ఐదు మిల్లీలీటర్లు, కొంచెం సబ్బు నీళ్లు, ఆకు అడుగు తడిసేలా సాయంత్రం కొట్టాం. తీవ్రంగా ఉన్న ముప్పై మొక్కలు పీకి తగలబెట్టాం.

చెల్లికీ నాకూ మల్లెల దగ్గర గొడవ. పూలజడ అంటే మల్లె మొగ్గలే కావాలంటుంది. మన దగ్గర మల్లె మార్చి తర్వాతే, ఫిబ్రవరిలో వచ్చేది దూరం నుంచి రావాల్సిందే. చిన్నమ్మ తీర్పు చెప్పింది: "జడకి కాగడాలు, కాక చేన్ల ఉన్నయి. వాసన తక్కువంటవా, నడుమ మరువం పెడ్త." జడని దాచే ప్రయత్నం చేయొద్దని కూడా అనుకున్నాం. దండ దాచుకుంటాం, జడ ఆ పూటకే. మల్లె జాతి పువ్వు అందం దాని వాడిపోవడంలోనే ఉంది అనేసింది చెల్లి, అయిష్టంగానే.

ఫిబ్రవరి 16

డెకరేషన్ అతనితో మాట్లాడాను. బట్టలు, లైట్లు ఆయనవి, పూలు మావి. ఒక్క షరతు పెట్టాను, ఆకుపచ్చ ఫోమ్ వాడకూడదు. డెకరేటర్లు నీళ్లలో నానబెట్టి పూలు గుచ్చే ఆ ఇటుక ప్లాస్టిక్కే. చేత్తో నలిపితే పొడై నీళ్లలో కలుస్తుంది తప్ప కుళ్లదు. లండన్‌లో చెల్సీ పూల ప్రదర్శనలో కూడా 2021 నుంచి దాన్ని రానివ్వట్లేదని చెప్పాను.

"ఇది చెల్సీ కాదు మేడం, చేవెళ్ల" అన్నాడు.

అతనికి అరటి బోదె చూపించాం. గెల కొట్టేసిన చెట్ల బోదెలు మా దగ్గర ఊరికే దొరుకుతాయి. అడుగు పొడవు ముక్కలు కోసి, పెన్సిలు మందం పుల్లతో చిల్లు పొడిచి కాడ గుచ్చితే చాలు, పొరల్లో ఉన్న నీళ్లే పువ్వుకి. పరీక్షకి పెట్టిన చామంతులు మూడు రోజులైనా తల వంచలేదు. ఒక్క జాగ్రత్త. కోసిన వెంటనే కారే జిగురు బట్టకి తగిలితే జన్మలో పోదు, పట్టుచీరల దగ్గర ప్రాణం మీదికొస్తుంది. రాత్రంతా నిలబెట్టి కారనిచ్చి, పొద్దున తుడిచి వాడాలి. అతను రెండు ముక్కలు కారులో వేసుకుని పోయాడు.

ఫిబ్రవరి 19, అర్ధరాత్రి

పొద్దున్నే ఐదుగురం కోత. బంతి 34 కిలోలు, చామంతి 11. మొదటి లైను చామంతి సరిగ్గా ఇప్పుడే విచ్చింది, పోయిన ఆదివారానికి సగమే విచ్చాయి. మధ్యాహ్నం నుంచి అరటి నార నీళ్లలో నానబెట్టి దండలు కట్టాం. చిన్నమ్మ చేతులు చూడాల్సిందే. నారని గోటితో సన్నగా చీల్చి, రెండు పూలు ఇటు, రెండు అటు, ఒక మెలిక. దారంతో కడితే కాడ తెగుతుంది, నార మెత్తగా పట్టుకుంటుందట. నేను కట్టిన మూర చూసి ఏమీ అనలేదు, పక్కన పెట్టి గుమ్మానికి వాడింది.

రెండు దండల్లోనూ పసుపు చామంతి, బొగడబంతి, సందుల్లో గునుగు కొసలు, మూరకొక దవనం రెమ్మ. మెరుపు కాగితాలు, జరీ రిబ్బన్లు, థర్మకోల్ గుండ్లు ఏమీ లేవు. కింద కుచ్చుకి మాత్రం పట్టుకుచ్చు. చెల్లి వచ్చి మెడలో వేసుకుని చూసి "బరువే లేదక్కా" అంది.

ఫిబ్రవరి 21

పెళ్లి అయింది. దాని గురించి రాసే ఓపిక లేదు, దండ సంగతి మాత్రం రాయాలి.

దండ ఎండబెట్టాలంటే తాజాగా ఉన్నప్పుడే పని మొదలవ్వాలి. పెళ్లిలో అది జరిగే పని కాదు. తెల్లవారుజామున వేసిన దండ మధ్యాహ్నం అప్పగింతల దాకా మెడలోనే ఉంది. అందుకని అదే కోతలోంచి అరవై చామంతులు ముందే తీసి నీళ్లలో పెట్టి, సాయంత్రానికి జెల్‌లో వేశాను. వాడిన చామంతుల చోట వాటిని పెడదామని నా పథకం.

రాత్రి అలసిపోయి అసలు దండని బల్ల మీద పెట్టి పడుకున్నాను. పొద్దున చూస్తే చీమల బారు. జీలకర్ర బెల్లం నలుసులు దండలో ఇరుక్కున్నాయి, వాటి కోసం వచ్చాయి. ఒక్కో పువ్వూ విప్పి, మెత్తటి బ్రష్‌తో దులిపి, పాడైన చామంతులు తీసేశాను. తలంబ్రాల పసుపు బియ్యం గింజలు కూడా చాలా దొరికాయి, వాటిని చిన్న గిన్నెలో పోశాను. బొగడబంతీ గునుగూ మాత్రం నిన్న పొద్దున ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి, కొంచెం పసుపు అంటుకుని.

చెల్లికి వీడియో కాల్ చేసి కొత్త చామంతులు చూపించాను.

"ఇవి నేను వేసుకున్నవి కావు కదా."

"అదే చేను, అదే కోత."

"అయినా కావు కదా అక్కా."

వాదించలేకపోయాను. వాడినవాటిలోంచే కాస్త బాగున్నవి పద్దెనిమిది ఏరి జెల్‌లో పెట్టాను. రేకులు కొన్ని రాలతాయి.

మిగిలిన పూలు, అరటి బోదెలు, నారతో సహా చేను మూల గుంటలో వేసి పేడనీళ్లు పోశాం. ఫోమ్ లేదు, వైరు లేదు కాబట్టి ఏరే పనే లేదు.

మార్చి 16

ఫ్రేము తయారైంది. ఊరి వడ్రంగి పాత కిటికీ చెక్కతో మూడంగుళాల లోతు పెట్టె చేశాడు, ముందు అద్దం. నడుమ ఆ పద్దెనిమిది చామంతులు. నాలుగు రేకులు విరిగాయి, వాటిని అడుగున రాలినట్టే వదిలేశాను. చుట్టూ బొగడబంతి, గునుగు. కింద పసుపు తలంబ్రాల గింజలు చిన్న కుప్పగా. వెనక చెక్కలో ఒక అర చేయించి సిలికా పొట్లం పెట్టాను, వానాకాలంలో మార్చుకోవడానికి. కిటికీ ఎదురుగా పెట్టొద్దని చెప్పాను, ఎండకి మొదట పోయేది రంగే.

దవనం ఫ్రేములో పెట్టలేదు. ఎండేకొద్దీ దాని వాసన ఇంకా చిక్కబడుతుంది, అద్దం వెనక మూసేస్తే ఎవరికి తెలుస్తుంది? చిన్న బట్ట సంచిలో పోసి చెల్లి చీరల బీరువాలో పెట్టమని ఇచ్చాను.

లెక్క: మొక్కలు, బల్బులు, వైరు, కూలి, వేపనూనె, జెల్, ఫ్రేము కలిపి 29,400. కాక ద్వారా మార్కెట్‌కి పోయిన బంతి, ముందు పూసిన చామంతి మీద వచ్చినవి 8,100. మా ఇంటివాళ్ల కష్టం లెక్కలో లేదు. అది వేస్తే డెకరేటరే చవక అని నాయిన అంటాడు, కానీ వచ్చేసారి బల్బుల కింద రెండు గుంటలు ఎక్కువ వేద్దామని కూడా ఆయనే అంటున్నాడు.

జులై 20

చెల్లి ఫోన్. "అక్కా, ఫ్రేములో ఏదో నడుస్తోంది."

నేను వెళ్లి చూస్తే ముక్కపురుగు. పూలకి ఏమీ కాలేదు. బూజు లేదు, పసుపు పసుపులాగే ఉంది, పొట్లం మార్చితే చాలు. పురుగు పట్టింది తలంబ్రాల బియ్యానికి. ఐదు నెలలు చీమల నుంచి, తేమ నుంచి, ఎండ నుంచి కాపాడి, బియ్యానికి పురుగు పడుతుందన్న సంగతి మాత్రం మర్చిపోయాను. ప్రతి ఇంట్లో బియ్యం డబ్బా మూత తీసినప్పుడల్లా చూసేదే.

వెనక చెక్క విప్పి, గింజలన్నీ తీసి, తొలిచినవి ఏరేసి, మిగిలినవి చిన్న డబ్బాలో వేసి డీప్ ఫ్రీజర్‌లో పెట్టాం. వారం ఉంటే గుడ్లతో సహా చస్తాయి, తర్వాత ఎండలో ఆరబెట్టి మళ్లీ పెట్టొచ్చు. ఫ్రిజ్ తలుపు మీద వాళ్ల అత్తగారి కోసం చెల్లి ఒక చీటీ అంటించింది: "పసుపు బియ్యం మావి. పులిహోరకి వాడొద్దు."